ఇంద్రసభలో టీకా మచ్చ

కళాఖండాలంటే నాకు గౌరవం లేదని కాదు.
పద్నాలుగు రీళ్ల అపార్థాన్ని
ఒక్క ఇన్‌లాండు ఉత్తరం తీర్చేస్తుంది కదా,
ఆ ముక్క రాయడానికి ఆ మహాతల్లికి
తీరిక దొరకలేదా అని మాత్రమే నా గొడవ.
వీణ వాయించడానికి దొరికింది.
జింకపిల్లకి కష్టం చెప్పుకోడానికి దొరికింది.

ఇలా అన్నందుకే, వడపళని ప్రివ్యూ హాల్లో
నెలకోసారి పాత సినిమాలు చూసే మా సభ్యులు
నన్ను వెనక వరసకి, ఫ్యాను తిరగని మూలకి పంపారు.
కార్యదర్శి పేరి సోమసుందరంగారు
టైటిళ్లు మొదలవగానే చెప్పులు విప్పేస్తారు.
నేను సుండల్ పొట్లం విప్పుతాను.

క్షయ ముదిరేకొద్దీ హీరో బుగ్గలు నిగనిగలాడతాయి.
నెత్తురంటిన రుమాలు
ఇస్త్రీ మడత చెడకుండా జేబులోకి వెళ్తుంది.
తల్లి పోతూపోతూ ఆస్తి, వంశం, పుట్టుమచ్చ
అన్నీ తీరిగ్గా చెప్పి
అసలు పేరు దగ్గరికొచ్చేసరికి దగ్గుతుంది.
కవలల మధ్య తెర నిలువునా ఓ సన్నగీత.
అది దాటి కౌగిలించుకోలేక
అన్నదమ్ములు దూరం నుంచే ఏడుస్తారు.
"ఆపండి!" అని పెళ్లి ఆపినవాడు
తాళి మెడ దాకా వచ్చేవరకూ ఎక్కడ చచ్చాడు?
నాలుగొందల విస్తళ్లు పరిచేశారే,
ఆ పప్పు ఎవరు తిన్నారు?
ఏ విమర్శకుడూ దీనికి జవాబు రాయలేదు.

ఈ నోరు నాకు నూకరత్నం పెట్టిన భిక్ష.
సాలిగ్రామంలో నా జిరాక్సు కొట్టు పైవాటా.
డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పోయాయి, నోరు పోలేదు.
తుని పక్కనుంచి పదిహేనో ఏట రైలెక్కి వచ్చి
ఇక్కడి ఫ్లోర్ల మీద పదకొండేళ్లు గెంతింది.
"నాట్యం అనకు. గెంతడవే."
వెన్నెలంటే ఆవిడకి ప్లైవుడ్డు.
తాడు పట్టుకున్నవాడు
రాత్రి పదయింది, నా డ్యూటీ అయిపోయింది అని వదిలేస్తే
ప్రేమికుల నెత్తిన చంద్రుడు అటూ ఇటూ ఊగాడట.
"మబ్బులంటే ఏవిటనుకున్నావు? సాంబ్రాణి.
మూడో టేకుకి అప్సరసలందరికీ దగ్గే."

ఒక సినిమా ఉంది. పేరు చెప్పను,
సోమసుందరంగారు మళ్లీ చెప్పులు విప్పేస్తారు.
ఇంద్రసభ. రెండో వరస, ఎడమనుంచి నాలుగు.
రెండు క్షణాలు.
ముఖం ముందుపిల్ల కిరీటం చాటున.
కనపడేది ఎడమ జబ్బ ఒక్కటే,
దానిమీద రూపాయి బిళ్లంత టీకా మచ్చ.
దేవలోకంలో మశూచికి టీకాలు వేశారనడానికి
ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం అదొక్కటే.
దానికోసమే ఆ సినిమా పదిహేడుసార్లు చూశాను.
కథలో హీరో ఏం సాధించాడో
ఇప్పటికీ నాకు సరిగ్గా తెలీదు.

మొన్న రంగులేసి, గీతలు తుడిచి,
కొత్త ప్రింటు తెచ్చామన్నారు.
ఆవిణ్ణి ఆటోలో తెచ్చి, ఇద్దరం చెరో రెక్కా పట్టి మెట్లెక్కించాం.
గులాబిరంగు ఇంద్రుడు. ఆకుపచ్చ ఐరావతం, ఎందుకో.
రెండో వరస. నాలుగు.
జబ్బ నున్నగా, సబ్బుబిళ్లలా ఉంది.
ఎవడో చాలా శ్రద్ధగా తుడిచేశాడు.

హాలంతా చప్పట్లు.
"నా మచ్చేదిరా?"
చీకట్లో నూకరత్నం గొంతు.
సోమసుందరంగారు ష్ అన్నారు.
"నీ ష్ తీసుకెళ్లి..." ఆ వాక్యంలో మిగతాది
ఏ సెన్సారూ ఒప్పుకోదు.

బయట టీకొట్టు బల్లమీద కూచుని
రవిక చెయ్యి పైకి లాక్కుని చూసుకుంది.
ఉంది. ముడతల్లో కాస్త కిందికి జారింది, అంతే.
గ్లాసులు కడిగే కుర్రాడు వంగి చూసి
"అదు ఎన్న పాట్టీ?" అన్నాడు.
"ఇంద్రుడి దగ్గర పని చేశాన్రా,
రోజుకి ఏడు రూపాయలు.
ముండాకొడుకు
మూడ్రోజులది ఇంకా ఇవ్వాలి."